రిజర్వాయర్, తీరం: శరత్కాలంలో పిట్టలు చూడాలంటే ముందు నీళ్లు చూడాలి

మీరు నాలుగు సంగతులు అడిగారు. ఇంటికి దగ్గర్లో రిజర్వాయర్ ఉంది, గంట ప్రయాణంలో తీరం వెంట రక్షిత ప్రాంతం ఉంది, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఆదివారాలు తిరగాలనుకుంటున్నారు, ఏ వారం ఎటు వెళ్లాలో తెలియడం లేదు. తీరానికి మధ్యాహ్నం వెళ్తే దూరంగా బురద మీద చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. రిజర్వాయర్‌లో బాతులన్నీ ఒకే గోధుమ రంగులో ఉండి ఏది ఏదో తెలియలేదు. ఇక, ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్ ఉన్నా స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి ఒంటి కంటితో చూసే దూరదర్శిని) కూడా కొనాలా అన్నది నాలుగోది.

మొదటి రెండింటికీ జవాబు ఒక్కటే. ఈ కాలంలో పిట్టలు ఎక్కడుండాలో నిర్ణయించేది నీళ్లు. తీరంలో ఆ నీళ్లు గంట గంటకూ మారతాయి, రిజర్వాయర్‌లో వారం వారం మారతాయి. ఇల్లు కదలకముందే ఆ రోజు నీళ్లు ఎక్కడున్నాయో తెలిస్తే, అక్కడ ఏం కనిపిస్తుందో సగం తెలిసినట్టే. పిట్టలు చూడాలంటే తెల్లవారుజామునే వెళ్లాలన్న నియమం అడవికి, తోటలకు బాగా పనికొస్తుంది. బురదలో, లోతు లేని నీళ్లలో నడుస్తూ తిండి ఏరుకునే వేడర్లకు మాత్రం సూర్యుడితో అంత పని లేదు. పోటు ఎక్కితే అవి విశ్రాంతి తీసుకుంటాయి, దిగితే తింటాయి. రాత్రి ఆటు వస్తే రాత్రే తింటాయి.

మీరు వెళ్లిన మధ్యాహ్నం ఆటు సమయం అయి ఉంటుంది. నీళ్లు దిగినప్పుడు చదునైన తీరాల్లో బురద కిలోమీటర్ల మేర బయటపడుతుంది. పిట్టలు తడి అంచు వెంట అంత దూరమూ వెళ్లిపోతాయి. పైగా ఎండకు వేడెక్కిన బురద మీద గాలి కదులుతూ ఉంటుంది కాబట్టి ఎంత మంచి అద్దాలు పెట్టినా బొమ్మ వణుకుతుంది. అదే చోటికి పోటు నిండడానికి రెండు గంటల ముందు వెళ్లి ఒడ్డున ఒకచోట కూర్చోండి. నీళ్లు ఎక్కే కొద్దీ తినడానికి మిగిలే బురద సన్నబడుతుంది, పిట్టలు వాటంతట అవే మీ వైపు జరుగుతాయి. మీరు వాటి దగ్గరికి నడిచే అవసరమే ఉండదు. అందుకే తీరంలో నేను నడిచేది తక్కువ, కూర్చునేది ఎక్కువ.

ఇప్పుడు ఏ వారం ఎటు అన్నది చూద్దాం. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం తిరిగేసరికి ఆ తేడా ఆరు గంటలవుతుంది. ఈ ఆదివారం ఉదయం ఏడింటికి పోటు నిండితే, వచ్చే ఆదివారం అదే వేళకు దాదాపు పూర్తి ఆటు ఉంటుంది. ఆ పై వారం మళ్లీ పోటు. కాబట్టి మీ ఆదివారాలను ప్రకృతే పంచిపెట్టింది: ఒక వారం తీరం, ఒక వారం రిజర్వాయర్.

ఇందులో ఇంకో సంగతి ఉంది, కొత్తవాళ్లకు ఎవరూ చెప్పనిది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజుల్లో వచ్చే పెద్ద పోట్లు, రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో, ఆ తీరానికంటూ ఉన్న దాదాపు ఒకే గడియార సమయానికి వస్తాయి. ఒక తీరంలో పొద్దున ఏడు, సాయంత్రం ఏడు ప్రాంతంలో వస్తే, సంవత్సరమంతా అక్కడ పెద్ద పోట్లు ఆ వేళల్లోనే ఉంటాయి. మీ తీరానికి ఆ వేళ ఏదో ఆటుపోట్ల పట్టిక చూసి ఒకసారి రాసి పెట్టుకోండి. పొద్దునైతే మీరు అదృష్టవంతులు: అమావాస్య, పౌర్ణమి దగ్గరి ఆదివారాలు తీరానికి, అష్టమి దగ్గరివి రిజర్వాయర్‌కు. మీ తీరంలో పెద్ద పోటు మిట్టమధ్యాహ్నం వచ్చే రకమైతే, దానికి మూడు రోజుల ముందు వెళ్లండి. అప్పటికి పోటు ఉదయం పది ప్రాంతంలో నిండుతుంది, నీళ్లు చాలినంత ఎక్కుతాయి, ఎండ వేడి ఇంకా ముదరదు. అష్టమి చుట్టూ వచ్చే చిన్న పోట్లకు చాలా చోట్ల బురద పూర్తిగా మునగదు, పిట్టలు దూరంగానే ఉండిపోతాయి. సెప్టెంబర్ 22, 23 తేదీల్లో వచ్చే విషువత్తుకు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజు) దగ్గరగా ఉన్న అమావాస్య, పౌర్ణమి పోట్లు ఏడాదిలో పెద్దవాటిలో లెక్క. మీ సీజన్ సరిగ్గా అక్కడే మొదలవుతోంది.

అన్ని తీరాల్లోనూ పోటు ఒకేలా ఉండదు. కెనడాలోని ఫండీ అఖాతంలో నీటి మట్టం 15 మీటర్లకు పైగా ఎక్కి దిగుతుంది. మధ్యధరా, బాల్టిక్ తీరాల్లో తేడా చాలా స్వల్పం. మీ తీరం రెండో రకమైతే పట్టిక పక్కన పెట్టి గాలి చూడండి. సముద్రం వైపు నుంచి రెండు రోజులు గట్టిగా వీస్తే నీళ్లు ఒడ్డుకు ఎక్కుతాయి, నేల వైపు నుంచి వీస్తే బురద తేలుతుంది.

పెద్ద పోటుకు బురద అంతా మునిగాక పిట్టలు ఎక్కడికి వెళ్తాయన్నది కూడా వెతికి పెట్టుకోండి. ఒడ్డు వెనక ఉండే ఉప్పునీటి మడుగులు, ఇసుక దిబ్బలు, కరకట్టలు, తడి పొలాలు, ఇలాంటి చోట్ల అవి గుమిగూడి నీళ్లు దిగేదాకా ఆగుతాయి. ఇంగ్లండ్ తూర్పు తీరంలో వాష్ అనే అఖాతం ఉంది. అక్కడ స్నెటిషమ్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నాట్ అనే చిన్న వేడర్లు వేలకు వేలు ఒక్కసారిగా లేచి, ఒడ్డు వెనకున్న పాత కంకర గుంటల్లోకి వస్తాయి. అది చూడడానికి జనం పోటు పట్టిక చూసుకుని మరీ వెళ్తారు. మీ దగ్గర అన్ని పిట్టలు ఉండకపోవచ్చు, కానీ ప్రతి తీరానికీ అలాంటి చోటు ఒకటో రెండో ఉంటాయి. రక్షిత ప్రాంతం సిబ్బందిని అడగండి, వాళ్లకు కచ్చితంగా తెలుస్తుంది.

రిజర్వాయర్ సంగతికొస్తే, చాలామంది నేరుగా ఆనకట్ట మీదికి వెళ్లి అక్కడి నుంచి చూసి, ఏమీ లేవని తిరిగొస్తారు. ఆనకట్ట దగ్గర నీళ్లు లోతు. అక్కడ నీటికాకులు, గ్రీబ్‌లు, మునిగి తినే బాతులు ఉంటాయి. మిగతావన్నీ ఉండేది రెండో చివర, వాగు వచ్చి కలిసేచోట. మేట వేసిన మట్టి, లోతు లేని నీళ్లు, గడ్డి అన్నీ అక్కడే. కారు దిగి కిలోమీటర్ నడవాల్సి వచ్చినా అటే వెళ్లండి.

నీళ్లు ఎంతున్నాయన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. రాళ్ల కట్ట దాకా నిండి ఉంటే వేడర్లకు నిలబడే చోటే లేదు, ఆ వారం బాతుల కోసం మాత్రమే వెళ్లండి. మట్టం నెమ్మదిగా తగ్గుతుంటే రోజూ కొత్తగా ఒక పట్టీ తడి బురద బయటపడుతుంది. అందులో పురుగులు, నత్తలు తాజాగా ఉంటాయి. వేడర్లకు ఇంతకంటే మంచి చోటు లేదు. పాత బురద ఎండి బీటలు వారాక దాని మీద ఏ వేడరూ వాలదు. మట్టం పెరుగుతూ గడ్డి మునుగుతుంటే వేడర్లు రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతాయి గానీ, విత్తనాల కోసం ఉపరితలం మీద తినే బాతులు దిగుతాయి. వేసవిలో నీళ్లు వాడుకుని శరత్తుకు అడుగంటే ప్రాంతాల్లో ఇది వేడర్ల కాలం. వానాకాలం ముగిసి రిజర్వాయర్ నిండుగా ఉండే ప్రాంతాల్లో అదే బురద శీతాకాలం గడిచాక గానీ కనిపించదు. చాలా చోట్ల రిజర్వాయర్ మట్టాలు రోజూ ప్రకటిస్తారు. ఆ అంకె కంటే, గత వారం కంటే పెరిగిందా తగ్గిందా అన్నదే చూసుకోండి.

తెల్లవారుజాము నియమం రిజర్వాయర్‌కు బాగా వర్తిస్తుంది. వలస పిట్టల్లో చాలా వరకు రాత్రిపూట ఎగిరి తెల్లవారుతుండగా దిగుతాయి. నడకకు వచ్చేవాళ్లు, పడవలు, కుక్కలు వచ్చేసరికి సగం లేచిపోతాయి. రెల్లులో రాత్రి గడిపిన స్వాలోలు సూర్యోదయానికి ముందే గుంపుగా పైకి లేస్తాయి. పొద్దున తూర్పు ఒడ్డున నిలబడి పడమటికి చూడండి, సాయంత్రం దానికి ఎదురు. వెలుగు మీ వీపు మీద పడాలి. ఎదురెండలో చూస్తే అన్ని పిట్టలూ నల్లగానే ఉంటాయి.

వాతావరణం గురించి ఒక్క మాట. ఆకాశం తేటగా ఉండి, గాలి వెనక నుంచి తోస్తుంటే పిట్టలు మీ రిజర్వాయర్ దాటి పైనుంచే పోతాయి. రాత్రి వాన పడినా, ఎదురుగాలి వీచినా దొరికిన నీటి దగ్గర దిగిపోతాయి. అందరూ దుప్పటి కప్పుకుని పడుకునే ముసురు పొద్దునే బయల్దేరితే లోతట్టు రిజర్వాయర్ మీద కూడా టెర్న్ అనే సముద్రపు పిట్టలు కనిపించవచ్చు. వాన వెలిసిన కొన్ని గంటల్లోనే మళ్లీ లేచిపోతాయి.

ఏవి ఎప్పుడు వస్తాయి అన్నది ఈ కాలంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఉత్తర ధ్రువ ప్రాంతంలో గుడ్లు పెట్టే వేడర్లలో పెద్దవి ముందు బయల్దేరతాయి, పిల్లలు తర్వాత. సైబీరియాలోని తైమీర్ వైపు గూళ్లు పెట్టే కర్ల్యూ శాండ్‌పైపర్‌లలో మొదట మగవి, తర్వాత ఆడవి, చివరికి ఆ ఏడాది పిల్లలు వస్తాయి. పెద్దవి జూలై, ఆగస్టుల్లోనే చాలా వరకు దాటిపోతాయి. మీరు సెప్టెంబర్‌లో చూసేవాటిలో ఎక్కువ భాగం కొన్ని నెలల కిందట పుట్టి, దారి చూపే తల్లిదండ్రులు లేకుండా ఖండాలు దాటుతున్న పిల్లలు. ఉపగ్రహ ట్యాగ్ కట్టిన ఒక బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే వేడర్ 2022 అక్టోబర్‌లో అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో సుమారు 13,560 కిలోమీటర్లు ఎగిరింది. అప్పటికి దాని వయసు ఐదు నెలలు. మీ ఎదుట బురదలో ముక్కు దూర్చి తింటున్న పిట్ట అలాంటి ప్రయాణం మధ్యలో ఉండవచ్చు. అది గుర్తుంటే చూసే తీరే మారిపోతుంది.

పిల్లల్ని గుర్తుపట్టడం కష్టం కాదు. వాటి ఈకలన్నీ ఒకేసారి మొలిచినవి కాబట్టి శరత్తులో కొత్తగా, శుభ్రంగా, ఒక్కో ఈక చుట్టూ లేత రంగు అంచుతో ఉంటాయి. వీపు పొలుసులు పేర్చినట్టు కనిపిస్తుంది. పెద్దవాటి ఈకలు అరిగి, అక్కడక్కడా పాత రంగు, అక్కడక్కడా కొత్త బూడిద రంగు కలిసి ఉంటాయి. జాతి తేల్చే ముందు ఈ తేడా చూడడం అలవాటు చేసుకోండి. చాలా తికమక ఇక్కడే తీరిపోతుంది.

ఐరోపా, ఆసియా, ఆఫ్రికా దారుల్లో తరచూ కలగలిసిపోయే కొన్ని జంటలు చెప్తాను. లిటిల్ స్టింట్‌కు నల్లని కాళ్లు, పిల్లల వీపు మీద తెల్లటి వి ఆకారపు గీత. టెమ్మింక్స్ స్టింట్‌కు పసుపు, ఆకుపచ్చ కలిసిన కాళ్లు, మంచినీటి అంచులే దానికి ఇష్టం, కాబట్టి రిజర్వాయర్‌లో కనిపించే అవకాశం ఎక్కువ. డన్లిన్, కర్ల్యూ శాండ్‌పైపర్ పక్కపక్కన తింటుంటే ఎగిరేదాకా ఆగండి: కర్ల్యూ శాండ్‌పైపర్ నడుము వెనక తెల్లగా ఉంటుంది, డన్లిన్‌కు మధ్యలో నల్లని గీత. గ్రే ప్లోవర్ రెక్క ఎత్తితే చంకలో నల్లని మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది, గోల్డెన్ ప్లోవర్లకు అది లేదు. బ్లాక్-టెయిల్డ్ గాడ్విట్ ఎగిరితే రెక్క పొడవునా వెడల్పాటి తెల్లని పట్టీ, బార్-టెయిల్డ్‌కు లేదు. గ్రీన్ శాండ్‌పైపర్ రెక్క అడుగు భాగం నల్లగా, వుడ్ శాండ్‌పైపర్‌ది లేతగా ఉంటుంది. గమనించారా, వీటిలో ఎక్కువ తేడాలు ఎగిరేటప్పుడే తెలిసేవి. అందుకని వాటిని లేపనక్కర్లేదు. గంటసేపు కూర్చుంటే ఏదో డేగ వచ్చి ఆ పని చేస్తుంది. గుంపంతా ఒక్కసారి లేచిందంటే పిట్టల్ని వదిలి ముందు ఆకాశం చూడండి, పెరిగ్రిన్ ఫాల్కన్ అక్కడే ఉండవచ్చు.

తినే తీరు రంగు కంటే నమ్మదగింది. ప్లోవర్లు కంటితో వెతుకుతాయి కాబట్టి పరుగెత్తి, ఆగి, టక్కున పొడుస్తాయి. గాడ్విట్లు, డన్లిన్లు ముక్కుతో తడుముకుంటూ బురదలోకి పదే పదే దూరుస్తాయి. కామన్ శాండ్‌పైపర్ ఆగినప్పుడల్లా వెనక భాగం పైకీ కిందికీ ఊపుతుంది. దూరంగా ఉన్న మీ చుక్కల్లో కూడా ఈ తేడాలు తెలుస్తాయి.

ఇక గోధుమ రంగు బాతులు. తప్పు మీ చూపుది కాదు. గుడ్లు పెట్టే కాలం అయ్యాక మగ బాతులు ఎగిరే ఈకలన్నీ ఒకేసారి రాల్చేసి మూడు నాలుగు వారాలు ఎగరలేని స్థితిలో ఉంటాయి. ఆ సమయంలో మెరిసే రంగులు ప్రమాదం కాబట్టి ఆడవాటిలాగే గోధుమ రంగు వేసుకుంటాయి. దీన్ని ఎక్లిప్స్ అంటారు. శరత్తు మొదట్లో ఇంకా ఆ వేషంలోనే వస్తాయి. అక్టోబర్, నవంబర్‌లలో చాలా వరకు రంగులు తిరిగొస్తాయి. అప్పటిదాకా ఒంటి రంగు వదిలేసి ముక్కు, మెడ, రెక్క చూడండి. షవెలర్‌కు తలకంటే పొడవైన, చివర వెడల్పాటి ముక్కు. పిన్‌టెయిల్‌కు పొడవాటి సన్నని మెడ, బూడిద రంగు ముక్కు, మచ్చల్లేని ముఖం. విజియన్‌కు గుండ్రటి తల, పొట్టి ముక్కు, ఎగిరితే తెల్లటి పొట్ట. గాడ్వాల్ రెక్క వెనక తెల్లని చదరం. కామన్ టీల్ అన్నిటికంటే చిన్నది, రెక్కలో ఆకుపచ్చ మెరుపు. గార్గనీకి ముఖం మీద అడ్డగీతలు, అది అందరికంటే ముందు, సెప్టెంబర్‌లోపే చాలా వరకు కదిలిపోయేది. మగవాటి రెక్కల రంగు ఎక్లిప్స్‌లో కూడా మారదు, కాబట్టి ఎగిరే బాతు కూర్చున్న బాతు కంటే ఎక్కువ చెప్తుంది.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. పోటు సమయంలో గుమిగూడి నిలబడ్డ పిట్టల దగ్గరికి ఫొటో కోసం వెళ్లకండి. అవి ఖాళీగా లేవు. దూర ప్రయాణానికి ముందు కొన్ని వేడర్ల బరువు దాదాపు రెట్టింపవుతుంది. అలాస్కా నుంచి బయల్దేరిన గాడ్విట్ పిల్లల్ని పరిశీలిస్తే బరువులో సగానికి పైగా కొవ్వే, పేగులూ కాలేయమూ కుదించుకుపోయి ఉన్నాయి. ప్రయాణంలో పనికిరాని బరువును శరీరమే తగ్గించుకుంటుంది. అంత లెక్కగా కూడబెట్టిన కొవ్వును మనం ఒక్కసారి లేపినప్పుడల్లా కొంత ఖర్చు చేయిస్తాం. వాటికి పోవడానికి వేరే చోట్లు కూడా తగ్గిపోతున్నాయి. దక్షిణ కొరియాలో సైమాంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ 2006లో మూసుకున్నాక అక్కడి విశాలమైన బురద నేల పోయింది, దాని మీద ఆధారపడ్డ గ్రేట్ నాట్ అనే పిట్టలు బాగా తగ్గాయి. ఎన్ని మీటర్ల దూరం మంచిదని అడిగితే అంకె చెప్పలేం. పిట్టలే చెప్తాయి: తినడం ఆపి తలెత్తాయా, అన్నీ ఒకే దిక్కుకు నడుస్తున్నాయా, అరుపు మొదలైందా, అప్పుడే వెనక్కి జరగండి. డ్రోన్ ఎగరేయడం, ఫోన్‌లో కూతలు వినిపించడం అసలు వద్దు.

మీ భద్రత కూడా చూసుకోండి. బురద మీదికి దిగకండి. పోటు ఎక్కేటప్పుడు ముందు నిండేవి మీ వెనకున్న కాలువలే, తిరిగి రావడానికి దారి ఉండదు. రిజర్వాయర్ అంచున పైన గట్టిపడిన మట్టి కింద మోకాలి లోతు మెత్తటి బురద ఉండవచ్చు. చచ్చిన పిట్టలు కనిపిస్తే బర్డ్ ఫ్లూ అనుమానంతో ముట్టుకోకుండా సిబ్బందికి చెప్పండి.

పిట్టల కాళ్లకు పరిశోధకులు కట్టిన రంగు ఉంగరాలు, చిన్న జెండాల్లాంటివి కనిపిస్తే వదలకండి. ఏ కాలు, మోకాలికి పైనా కిందా, ఏ రంగు ఏ వరుసలో, అక్షరాలేమైనా ఉన్నాయా అన్నవి రాసుకోండి. తూర్పు ఆసియా, ఆస్ట్రేలియా వలస దారిలో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో కట్టిన జెండాలు నారింజ రంగు, వాయవ్య ఆస్ట్రేలియాలో కట్టినవి పసుపు. పిట్టల నమోదుల వెబ్‌సైట్ ఈబర్డ్‌లోనో, మీ దేశంలో ఉంగరాలు కట్టే సంస్థకో పంపితే ఆ పిట్ట కథ కొంత తిరిగొస్తుంది. ఏమీ కనిపించని రోజు కూడా నీటి మట్టం, పోటు వేళతో సహా నమోదు చేయండి. వచ్చే ఏడాది మీకు దారి చూపేది ఆ నమోదే.

స్కోప్ విషయం: ఈ సీజన్‌కు కొనకండి. 8×42 మంచి బైనాక్యులర్. పోటు వేళ చూసుకుని కూర్చుంటే తీరంలో అది సరిపోతుంది, వాగు చివర నుంచి చూస్తే రిజర్వాయర్‌లోనూ సరిపోతుంది. నవంబర్ దాకా ఇలా తిరిగాక కూడా మీ మనసు ఎక్కువగా నడి నీళ్లలో తేలే బాతుల మీద, గల్ అనే నీటి పక్షుల మీద పడుతుంటే అప్పుడు కొనండి. 20 నుంచి 60 రెట్లు జూమ్ అయ్యేది, ముఖ్యంగా గాలికి వణకని గట్టి ట్రైపాడ్‌తో. బడ్జెట్ చాలకపోతే స్కోప్‌లో తగ్గండి, ట్రైపాడ్‌లో తగ్గకండి. వేడిగాలి ఉన్నప్పుడు 60కి తిప్పితే వణుకు పెరుగుతుంది తప్ప వివరం పెరగదు, 25, 30 దగ్గరే ఉంచి చూడండి. ఈలోపు మీ తీరంలో పెద్ద పోటు ఏ వేళకు వస్తుందో ఇక్కడ రాస్తే, మూడు నెలల ఆదివారాల్లో ఏవి తీరానివో, ఏవి రిజర్వాయర్‌వో కలిసి గుర్తుపెడదాం.